బడి మైదానంలో కలుపు పాట

నిన్న మధ్యాహ్నం చంద్రపూర్‌లో మా మనవరాలి బడి గేటు ముందు ఆటోలో కూర్చుని ఉన్నాను. ఎండ సంగతి నేను చెప్పను. ఈ ఊళ్ళో ఎండ గురించి మాట్లాడేవాళ్ళంతా ఊరికి కొత్తవాళ్ళే. ఆటో అతను తలకు తడి దస్తీ చుట్టుకుని కునుకు తీస్తున్నాడు. ఇంతలో పై అంతస్తు హాల్లోంచి పిల్లల పాట వినబడింది. అది మరాఠీ కాదు, హిందీ కాదు, ఇంగ్లీషు అంతకన్నా కాదు. అయినా పిల్లలు ఎక్కడా తడుముకోకుండా పాడేస్తున్నారు.

బడి వదిలాక మనవరాలు పరుగున వచ్చి సంచి నా ఒళ్ళో పడేసింది.

"ఆజీ, ఇయ్యాల స్క్రీన్ మీద వేరే దేశం పిల్లలొచ్చిన్రు. వాళ్ళ గాణం మాకు నేర్పిన్రు. వచ్చే శుక్రారం మేం వాళ్ళకు ఒకటి నేర్పాలె. మేడమ్ అందర్ని ఇంటికాడి పాట తెమ్మన్నది. నీకేమన్న వస్తదా?"

"వస్తది," అన్నాను. "కని దానికి గడ్డి గావాలె."

అది నా మొహంలోకి ఒకసారి చూసి, ఎండకు ఆజీకి తిక్క పుట్టిందనుకుని నవ్వేసింది. నేనూ అప్పటికి ఊరుకున్నాను. కానీ ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, అన్నం కలుపుకుంటుంటే, మధ్యాహ్నం నడుం వాల్చితే, అదే గుర్తుకు రావడం మొదలైంది. ఇప్పుడు పాట రెప్పపాటులో సముద్రం దాటుతోంది. మా రోజుల్లో ఒక్క పాట వెళ్ళి తిరిగి రావడానికి వానాకాలం పోయి చలికాలం వచ్చింది. ఆ నాలుగు నెలలూ మా బడిలో సంగీతం పీరియడు ఉంటుందో ఊడుతుందో తెలియక మేము పడ్డ యాతన ఇంతా అంతా కాదు.

మాది ఈ జిల్లాలోనే, తెలుగు సరిహద్దు మీది కోర్పనా. నాన్నకు బజారులో కిరాణా దుకాణం ఉండేది. బెల్లం, ఎండుమిరప, కిరోసిన్, వానలకు తడిసిన గోనెసంచి, ఇవన్నీ కలిసిన వాసన మా బట్టలకు కూడా పట్టేది. ఇంట్లో తెలుగు. దుకాణంలో ఎవరొస్తే వాళ్ళ భాష. బడిలో మరాఠీ. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది పెళ్ళయ్యాక, పట్టుదలకు పోయి. చిన్నప్పుడు మా భాషకు అక్షరాలు కూడా ఉంటాయని నాకు తట్టేదే కాదు.

బడిలో పిల్లలు మా మాటను ఎక్కిరించేవాళ్ళు. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుందని, నన్ను చూడగానే కంపాస్ పెట్టె చెవి దగ్గర గలగలలాడించేవాళ్ళు. అందుకే గేటు దాటగానే నేను తెలుగు మింగేసేదాన్ని. ఒకసారి మా అమ్మ టిఫిన్ డబ్బా ఇవ్వడానికి తరగతి గుమ్మం దాకా వచ్చి "బిడ్డా, పుంటికూర పెట్టిన, మంచిగ తిను" అంటే, నేను ఆమెకు మరాఠీలో జవాబిచ్చాను. అమ్మ డబ్బా ఇచ్చి వెళ్ళిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మరాఠీ బళ్ళలో టీచరమ్మను బాయి అంటారు. మా సంగీతం బాయి చిన్న వయసుది. బక్కగా, పొడుగ్గా ఉండేది. వాళ్ళది చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్. నాన్న బొగ్గు గనిలో పని. "మా ఇంట్లో ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి బూడిద రంగు చీర అయిపోతుంది. అందుకే మా అమ్మ తెల్లవి కొనడమే మానేసింది," అని చెప్పి తనే ముందు నవ్వేది. కోర్పనాలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. బడి హార్మోనియంలో ఒక మెట్టు పలికేది కాదు. పాట ఆ మెట్టు దగ్గరికి రాగానే బాయి మావైపు చూసేది. ఆ స్వరం మేము నోటితో అందించాలి. అందువల్ల మా తరగతిలో ఎవరికి ఏ స్వరం కుదరకపోయినా, ఆ ఒక్క 'ద' మాత్రం మొద్దబ్బాయికి కూడా గురి తప్పకుండా వచ్చేది.

సంగీతం గది పక్కనే సుకడి గది. సుకడి అంటే బడిపిల్లలకు సర్కారు పంచే తియ్యటి పిండి. రెండు గదులకూ మధ్య తలుపుకు గొళ్ళెం లేదు. చివరి వరసలో కూర్చున్నవాళ్ళం సరిగమలు సాగుతుండగా పాక్కుంటూ వెళ్ళి పిడికెడు సుకడి నోట్లో కుక్కుకుని వచ్చేవాళ్ళం. ఆ పిండి నోటికి అంటుకుపోతుంది. 'ద' అందించాల్సిన చోట ఒకనాడు చివరి వరస మొత్తం నోరు తెరవలేదు. బాయి హార్మోనియం ఆపి, మా బుగ్గలు చూసి, "ఈరోజు మీరు మింగేదాకా పాట ఆగుతుంది," అని చేతులు కట్టుకుని కూర్చుంది. కొట్టి ఉంటే బాగుండేది. ఆ మింగడం చాలా కష్టమైంది.

అలా సుకడి గదిలో నక్కి ఉన్నప్పుడే ఒకరోజు నేను ఆ సంగతి విన్నాను. హెడ్మాస్టరుగారు సంగీతం గదిలోకి వచ్చారు. మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. ఆయనది లెక్కల పాఠం. మెరిసే బూట్లు, ఎడమ చేతికి పెద్ద గడియారం. ఆ గడియారం చూడకుండా ఆయన మంచినీళ్ళు కూడా తాగరని మా నమ్మకం.

"బాయీ, స్కాలర్‌షిప్ పరీక్షకు పిల్లలు వెనకబడ్డారు. సంగీతం పీరియడు లెక్కలకిచ్చేస్తున్నాను. మీరు చిన్న తరగతులకు కుట్టుపని చెప్పండి," అన్నారు మరాఠీలో.

"సర్, పాట కూడా చదువే కదా," అంది బాయి.

"చదువంటే నేర్పితే ఇంకొకరికి వచ్చేది. ఇక్కడ మీరు పాడతారు, వాళ్ళు అరుస్తారు, సాయంత్రానికి మరిచిపోతారు."

బాయి బల్ల సొరుగు లాగి ఏదో కవరు తీసిన చప్పుడైంది. పిల్లల పత్రికలో కలం స్నేహం చిరునామా చూసి ఆమె జపాన్‌లో ఒక సంగీతం టీచరుకు ఉత్తరాలు రాస్తోందట. ఆ టీచరు తన పిల్లల పాట ఒక క్యాసెట్‌లో పంపింది. "మీ పిల్లలు ఇంట్లో వినే పాట ఒకటి పంపండి. పుస్తకంలోది వద్దు. మా నలభై మంది పిల్లలూ నేర్చుకుంటారు," అని రాసింది.

పెద్దసారు గడియారం చూసుకుని ఉంటారు. తర్వాత అన్నారు: "సరే. పంపడం గొప్ప కాదు. మన పాట వాళ్ళు నేర్చుకుని, పాడి, తిరిగి పంపితే, గ్యాదరింగ్ రోజున అధ్యక్షులవారి ముందు వినిపిద్దాం. అప్పుడు చదువేనని నేనే ఒప్పుకుంటాను. అప్పటిదాకా పీరియడు ఉంటుంది. రాకపోతే మర్నాటి నుంచి లెక్కలు."

గ్యాదరింగ్ అంటే మా దగ్గర బడి వార్షికోత్సవం. అధ్యక్షులవారంటే బడిని నడిపే సంస్థకు పెద్ద. నోట్లో సుకడి అలాగే ఉంచుకుని నేను బయటికి పరిగెత్తి అందరికీ చెప్పేశాను. సంగీతం పీరియడు పోతుందంటే మా ఏడుపు సుకడి కోసమా, బాయి కోసమా అని అడిగితే అప్పుడు జవాబు చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు చెప్పగలను. ఆ నలభై నిమిషాల్లో ఎవరూ నా చెవి దగ్గర కంపాస్ పెట్టె ఊపేవాళ్ళు కాదు.

జపాన్ పాట విన్నాం. మంచు పడ్డ పొద్దున బడికి నడిచిపోయే పిల్లల పాటట. మంచు అంటే మాకు ఐస్‌గోలా బండి మాత్రమే తెలుసు. అయినా వారం తిరిగేసరికి అందరికీ కంఠతా వచ్చేసింది. బజారులో పెద్దవాళ్ళ ముందు ఆ పాటలోని మాటలు గబగబా అనుకుని, మాకేదో రహస్య భాష వచ్చినట్టు తిరిగేవాళ్ళం.

ఇక మా పాట సంగతి. బాయి అందరినీ ఇంటిపాట తెమ్మంది. మర్నాడు ముప్పై మందిమి ముప్పై సినిమా పాటలు తెచ్చాం. బాయి మొహం చిన్నబోయింది. అది చూడలేక నేను లేచి, "మా అవ్వకు చేను పాట వచ్చు బాయీ," అన్నాను. తరగతి గదిలో నా భాష గురించి నా అంతట నేను నోరు విప్పడం అదే మొదలు. ఎక్కడో కంపాస్ పెట్టె గలగలమంది. బాయి ఆ వైపు చూసిన చూపుకు అది టక్కున ఆగిపోయింది.

అవ్వ మా అమ్మమ్మ. కోర్పనాకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఆమె ఊరు. పత్తి చేను ఉండేది. శ్రావణంలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని కలుపు తీసేవాళ్ళు. ఒక్కొక్కరి ముందున్న నేల పట్టీని మునుం అంటారు. అందరూ మునుంలు పట్టి ఒకేసారి మొదలుపెట్టి గట్టు దాకా పోతారు. పాట అవ్వ ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. ఆ పాటలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు వెనకబడితే వాళ్ళు పాటలో పడతారు. పేరు చెప్పరు, ఇంటి గుర్తు చెబుతారు. ఎగతాళి పడలేక వాళ్ళు కలుపు తీసే ఖుర్పీని గబగబా ఆడించి మిగతావాళ్ళను కలుసుకోవాలి. కలుసుకున్న క్షణమే పాట వాళ్ళను వదిలిపెడుతుంది. నేను సెలవులకు వెళ్ళి జొన్నరొట్టె, వెల్లుల్లి కారం తిని గట్టున కూర్చుని వింటూ ఎన్నిసార్లు నవ్వానో.

ఎడ్లను పూజించే పోలా పండుగకు నాలుగు రోజుల ముందు అవ్వ పదిమంది ఆడవాళ్ళను వెంటేసుకుని రెండు ఎడ్లబండ్లలో బడికి వచ్చింది. పొద్దున చేలో పనిచేసి అటునుంచి అటే బండెక్కారు. బడివాళ్ళు కూడా తక్కువ తినలేదు. హాల్లో జంబుఖానా పరిచి, పదకొండు కుర్చీలు వేసి, ఒక్కొక్కరికీ చేమంతి దండ వేశారు. బాయి దుర్గాపూర్ నుంచి తమ్ముడి టేపురికార్డరు తెచ్చింది. అది బల్ల మీద పెట్టి, ఎర్ర మీట నొక్కి, అవ్వకు సైగ చేసింది.

అవ్వ నోరు తెరిచింది. మూసింది. పక్కనున్నామె మోకాలు గిల్లింది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. టేపు తిరుగుతూనే ఉంది.

"పాడు అవ్వా," అన్నాను నేను తెలుగులో, బడి అంతా వింటుండగా.

"ఏం పాడాలె బిడ్డా? ఒక్క ముక్క యాదికొస్తలేదు. చేతుల ఖుర్పీ లేకుంటె నోట్లెకు పాటెట్లొస్తది? ఈడ ముందు వోయేదెవరు, ఎనకవడ్డదెవరు? అందరం కుర్చీల మీద సమానంగ కూసుంటిమి."

నేను అది మరాఠీలో చెప్పాను. గుమ్మంలో నిలబడ్డ పెద్దసారు గడియారం చూసుకున్నారు. "పాపం, ముసలావిడను ఇబ్బంది పెట్టకండి. టీ ఇచ్చి పంపేయండి," అన్నారు. ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే బాయిని ఎక్కువ బాధపెట్టిందనుకుంటాను. ఆమె మీట నొక్కి టేపు ఆపేసింది. గొప్పలు పోయి వాళ్ళను ఇంతదూరం రప్పించింది నేనే. నాకు జంబుఖానా కింద దూరిపోవాలనిపించింది.

టీ తాగడానికి అవ్వ వరండాలోకి వచ్చింది. వానలకు మా బడి మైదానం మోకాలెత్తు గాజరుగడ్డితో, అదే వయ్యారిభామతో, నిండిపోయి ఉంది. ఆటల పీరియడులో బంతి పోతే దొరికేది కాదు. అవ్వ కప్పు కింద పెట్టి మైదానం వైపు అసహ్యంగా చూసింది.

"ఏందే ఇది? సదువుల బడి పెట్టి గింత కలుపు పెంచుకున్నరు. సిగ్గు లేదా వీళ్ళకు? అగో, బండ్లెకెల్లి ఖుర్పీలు తెండ్రి."

చెప్పులు విడిచి, చీరలు ఎగదోపి, చేమంతి దండలు మెడలో అలాగే ఉంచుకుని పదకొండు మందీ మైదానం ఈ చివర వరసగా కూర్చున్నారు. ఖుర్పీలు సర్రుసర్రుమన్నాయి. అవ్వ నోట్లోంచి ఎవరూ అడగకుండానే పాట వచ్చింది:

"నల్లరేగడి నేలల్ల మునుంబట్టి పోదమే,
మబ్బుగమ్ముతున్నది జల్ది జల్ది పోదమే!"

బాయి టేపురికార్డరును చంటిపిల్లలా ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళతోపాటు ముందుకు జరుగుతూ రికార్డు చేసింది. కాసేపటికి మూలింటి వదినె వెనకబడింది, పాటలో పడింది, ఉడుక్కుని కలుసుకుంది. పిల్లలమంతా వరండా నిండా నిలబడ్డాం. మరాఠీ పిల్లలకు మాటలు తెలియకపోయినా ఆటేమిటో తెలిసిపోయింది. వాళ్ళు వెనకబడ్డామె వైపు వేలు చూపించి కేకలు పెట్టడం మొదలుపెట్టారు.

ఈ గోలకు పెద్దసారు మైదానంలోకి దిగారు. దిగి, వరస వెనకాల నిలబడ్డారు. నిలబడింది వెనకాల కదా, అవ్వ వదులుతుందా?

"అందరొస్తిమి గట్టుకు, పెద్దసారు రాడాయె!
బూటుకు బురద అడ్డమా? చేతికి గడియాలం అడ్డమా?"

పదిమందీ అందుకున్నారు:

"రా సారూ రా మా ఎంట, రాకుంటె పాట నీ ఎంట!"

పెద్దసారు నన్ను పిలిచారు. "నన్నేదో అంటున్నారు. ఏమంటున్నారు?"

నాకు ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప వేరే దారి కనిపించలేదు. "మీరు వెనకబడ్డారంటున్నారు సర్. వాళ్ళను కలుసుకునేదాకా పాట మిమ్మల్ని వదలదు."

ఆయన వరండా వైపు చూశారు. బడి మొత్తం ఆయన్నే చూస్తోంది. అప్పుడు ఆయన గడియారం విప్పి నా చేతిలో పెట్టారు. ఒకామె విసిరిన ఖుర్పీ అందుకుని గొంతుక్కూర్చున్నారు. ఆయనా రైతుబిడ్డేనని ఆ చెయ్యి చూశాక తెలిసింది. గడ్డి వేరుతో సహా లేస్తోంది. కానీ పాటతో పోటీ అంత తేలిక కాదు. ఆయన రెండు బారలు పోయేసరికి వాళ్ళు నాలుగు బారలు పోతున్నారు, పాట ఆయన్ని తరుముతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే ఊరవతలి సున్నపురాయి గనిలో భోంగా, అంటే సైరన్, మోగింది. రోజూ మధ్యాహ్నం అక్కడ రాయి పేలుస్తారు. మాకు అలవాటే. భోంగా వినగానే అవ్వ పాట ఆపింది, ఖుర్పీలు ఆగాయి. 'ధబ్' మంటూ నేల అదిరింది, తరగతి అద్దాలు గలగలమన్నాయి. పెద్దసారు పని ధ్యాసలో భోంగా విననే లేదు. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి వెనక్కి పడి బురదలో కూలబడ్డారు. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. వరండా అంతా నవ్వింది. గడియారం పట్టుకుని నేనూ నవ్వాను. నవ్వు తగ్గగానే అవ్వ ఆపిన చోటునుంచే పాట ఎత్తుకుంది. చివరికి వాన మొదలయ్యేలోగా వాళ్ళు గట్టు చేరారు. ఆయన చేరలేదు. అలాంటప్పుడు ముందు చేరినవాళ్ళు వెనక్కి వచ్చి వెనకబడ్డవాళ్ళ మునుం కూడా తీసేస్తారు. అలాగే వచ్చి పెద్దసారు మిగిల్చింది కూడా తీసేసి, చేతులు కడుక్కున్నారు.

గదిలో టేపు వేసుకుని విని బాయి ఏడ్చేసింది. నడుమ ఆ పేలుడు, ఆ నవ్వు. "ఇంకొక్కసారి పాడించవా," అని నన్ను బతిమాలింది.

అవ్వ ఆశ్చర్యపోయింది. "ఇంకెక్కడి కలుపు? ఒక్క పోచ మిగలలే. తీసిన కలుపు మల్ల ఎట్ల తీస్తరు? మా చేను కూడా ఎదురుచూస్తున్నది బిడ్డా, పోవాలె."

పాట కావాలంటే కలుపు మళ్ళీ మొలవాలి. అంత వ్యవధి లేదు. పెద్దసారు బురద కడుక్కుని, తడి బూట్లతో వచ్చి నా దగ్గర గడియారం తీసుకున్నారు. క్యాసెట్ వైపు చూశారు. తన మీద అందరూ నవ్విన నవ్వు దాంట్లో ఉందని ఆయనకు తెలుసు. వద్దనడానికి ఆయనకది చాలు. బాయి తల వంచుకుని నిలబడింది.

"నాలుగింటికి పోస్టు బండి వెళ్ళిపోతుంది. పంపదలుచుకుంటే త్వరగా కట్టండి," అన్నారు ఆయన.

పోలా అయింది, దసరా అయింది, దీపావళి లడ్డూలు కూడా అయిపోయాయి. పత్తి ఏరడం మొదలైంది. మేము పోస్టుమాన్ సైకిలు వెంట రోజూ వీధి చివరిదాకా పరిగెత్తేవాళ్ళం. పాపం, మమ్మల్ని చూసి ఆయన గల్లీ మార్చుకున్నాడు. లెక్కల గైడు కొత్త కట్టలు ఆఫీసు గదిలో వచ్చి కూర్చున్నాయి. బాయి పాఠం చెబుతూనే ఉండేది కానీ, కొత్త పాటలు మొదలుపెట్టేది కాదు. గ్యాదరింగ్‌కు ముందురోజు సాయంత్రం జపాన్ నుంచి గోధుమరంగు కవరు వచ్చింది. పెద్దసారు దాన్ని విప్పకుండా బీరువాలో పెట్టి తాళం వేశారు. "రేపు అందరితోపాటే," అన్నారు. దాంట్లో పాట ఉందో, క్షమించండని చెప్పే మాటే ఉందో ఎవరికీ తెలియదు.

మర్నాడు పందిట్లో ముందు వరసలో తెల్ల టోపీతో అధ్యక్షులవారు. చివర నేల మీద అవ్వా, ఆమె పదిమంది. నేను పాటల జట్టుతో హార్మోనియం పక్కన. లౌడ్‌స్పీకరు కీచుమని, కాసేపు బరబరలాడి, తర్వాత పలికింది.

ముందు సర్రుసర్రుమని చప్పుడు. మా ఖుర్పీల చప్పుడే. దేనిమీద ఏం గీకారో కానీ, లయ తప్పలేదు. ఆ తర్వాత నలభై గొంతులు:

"నల్లరేగడి నేలల్ల..."

అవి మా మాటలు. గులకరాళ్ళన్న మాటలు. ఎవరూ ఎక్కిరించకుండా, ప్రతి అక్షరం జాగ్రత్తగా పట్టుకుని పాడుతున్నారు ఆ పిల్లలు. మూలింటి వదినె వచ్చింది. చివర నేల మీద ఆమె "వామ్మో" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దసారు వచ్చాడు, బూటు వచ్చింది, గడియారం వచ్చింది. అక్కడ పాట టక్కున ఆగింది. భోంగాకు బదులు సన్నగా ఒక ఈల. నిశ్శబ్దం. ఆ తర్వాత 'ధబ్' మని పెద్ద డోలు మీద ఒక్క దెబ్బ. వెంటనే నలభై మందీ పడీపడీ నవ్వారు. నవ్వి, మళ్ళీ ఆ చోటునుంచే పాట అందుకున్నారు. పాపం, ఆ పేలుడూ ఆ నవ్వూ కూడా మా పాటలో భాగమేననుకున్నారు.

పందిరంతా గొల్లున నవ్వింది. అధ్యక్షులవారు మాత్రం నవ్వలేదు. "ఏమిటిది? పాట మధ్యలో ఆ నవ్వేమిటి? ఎవరి మీద?" అని అడిగారు.

బాయి లేచి నిలబడి పెద్దసారు వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం పెద్దసారుకు ఎంతసేపు పని? పరాయి దేశపు పిల్లల అల్లరి అంటే సరిపోయేది. ఆయన మైకు దగ్గరికి వచ్చి, గడియారం చూసుకోకుండా, నెమ్మదిగా చెప్పారు.

"మా ఊరి ఆడవాళ్ళు పనిలో వెనకబడ్డవాళ్ళ మీద ఈ పాట పాడతారు. ఇందులో వెనకబడినవాణ్ణి నేనే. ఆ నవ్వు నా మీదే. నా మునుం కూడా వాళ్ళే పూర్తిచేసి వెళ్ళారు." అప్పుడు బాయి వైపు తిరిగారు. "చదువంటే నేర్పితే ఇంకొకరికి వచ్చేదని నేనే అన్నాను. వచ్చింది. సంగీతం పీరియడు ఉంటుంది."

బాయి హార్మోనియం తిత్తి మీద చెయ్యి ఆనించి కూలబడింది. అది 'హుం' అని మూలిగింది. నేను ఏడ్చాను. నా పక్కన, ఆ రోజు కంపాస్ పెట్టె ఊపిన పిల్ల కూడా ఏడ్చింది. దానికెందుకు ఏడుపొచ్చిందో నేను అడగలేదు.

బండెక్కేముందు అవ్వను అడిగాను, జపాన్ పిల్లలు ఎట్ల పాడిన్రని.

"మంచిగనే పాడిన్రు. గొంతు బాగున్నది," అంది అవ్వ వక్క నములుతూ. "కని కూసొని పాడినట్టున్నది. వాళ్ళ చేన్ల కలుపు అట్లనే ఉన్నదో ఏమో. మీ బాయిని అడిగి ఉత్తరం రాయమను."

బాయి నిజంగానే రాసింది. ప్రతి గురువారం సంగీతం పీరియడులో పెద్దసారు వచ్చి చివరి బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టారు. పలకని మెట్టు దగ్గర ఆయన కూడా 'ద' అందించేవారు. గురి ఎప్పుడూ కుదరలేదు. సుకడి దొంగతనం మాత్రం మాకు పూర్తిగా బందయింది.

నేను పాటగత్తెనేమీ కాలేదు. నాన్న తర్వాత దుకాణమే చూసుకున్నాను. కానీ గ్యాదరింగ్ మర్నాడు అమ్మ డబ్బా తెచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి, అందరూ వింటుండగా, "అమ్మా, ఏం కూర పెట్టినవే?" అని గట్టిగా అడిగాను. ఆమె మొహం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

అవ్వ చేను ఇప్పుడు లేదు. రాయి గని జరుగుతూ జరుగుతూ వచ్చి చేనును, గట్టును, గట్టు మీది తునికి చెట్టును తినేసింది. అక్కడ ఇప్పుడు చాలా లోతైన గుంత ఉంది. ఆ పదకొండు మందిలో ఒక్కరూ మిగల్లేదు. పెద్దసారు పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఆ గుంత అంచున నిలబడినప్పుడల్లా గట్టు ఎక్కడుండేదో గుర్తుపట్టలేక తిరిగి వస్తాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

అయితే ఆ నలభై మంది పిల్లలు ఉన్నారు కదా. ఇప్పుడు నా ఈడువాళ్ళే అయి ఉంటారు. చిన్నప్పుడు నేర్చిన పాట అంత తేలిగ్గా పోదు. వాళ్ళ మంచు పాట నాకు ఇప్పటికీ ఒక్క ముక్క పోలేదు. అందుకే నా నమ్మకం నాది. ఆ దేశంలో ఎక్కడో ఒకావిడ తన పెరట్లో గడ్డి పీకుతూ, పెద్దసారు ఎవరో, ఏ ఊరివారో తెలియకుండానే, వెనకబడ్డావు త్వరగా రమ్మని ఆయన్ని ఇంకా పిలుస్తూ ఉండి ఉంటుంది.